ముఖంపై దద్దుర్లు: పురుగు పని ఎంత, మలాము పని ఎంత?

(సభ్యుల అధ్యయన పాఠం)



పాల సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము చూడవలసినవి పుస్తకాలు. పాల సేకరణ రిజిస్టరు, నగదు పుస్తకం, దాణా స్టాకు, పాలకవర్గం తీర్మానాలు. అయితే పుస్తకాలు మూసి అరుగు మీద కూర్చున్న తర్వాత సభ్యులు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. వాటిలో తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉంది. "ముఖం మీద ఈ ఎర్ర పొక్కులు గేదె నుంచి పట్టిన పురుగు వల్లనేనా అండీ?" అని. కొందరు అడిగి ఊరుకుంటారు. కొందరు పశువుకు తెచ్చిన మందునే తమ ముఖానికి కూడా రాసుకుంటారు. కొన్నిచోట్ల, పొక్కులున్న మనిషి తెచ్చిన పాలు కేంద్రంలో పోయించుకోవచ్చునా అని తగవు కూడా వస్తుంది.

మేము వైద్యులము కాము. ఇందులో చెప్పేవి చర్మ వైద్యులు, పశువైద్యులు తేల్చి చెప్పిన విషయాలే. వాటిని మన సభ్యులకు పనికివచ్చే వరుసలో పెట్టడం వరకే మా పని. ముందుగా ఒక్క మాట మనసులో ఉంచుకోవాలి. ముఖంపై దద్దుర్లకు చర్మంలోని పురుగు కారణం కావచ్చు. కాని ఆ పురుగు గేదెది కాకపోవచ్చు. అది పెరగడానికి కారణం మన చేతిలోని మలామే కావచ్చు. ఏది ఏదో తెలియకుండా మందు రాయడం వల్ల ముఖమూ పోతుంది, డబ్బూ పోతుంది, ఒక్కొక్కసారి పాలు కూడా చెడతాయి.

అందరి ముఖాలలోనూ ఉండే పురుగు

గోమారు మనందరికీ తెలిసినదే. కొన్ని జిల్లాలలో దీనిని పిడుదు అంటారు. దీనికి ఎనిమిది కాళ్లు. ఈ గోమార్లకు దగ్గర చుట్టాలైన పురుగులు కొన్ని ఉన్నాయి. అవి కంటికి ఆననంత చిన్నవి. వాటిలో మనిషి ముఖంలో కాపురముండే పురుగును డెమోడెక్స్ అంటారు. కొవ్వును తొలిచే పురుగు అని ఆ గ్రీకు మాటకు అర్థం. 1842లో జర్మనీ దేశపు వైద్యుడు గుస్తావ్ సైమన్ ముఖంపై మొటిమలను పరీక్షిస్తూ దీనిని వివరంగా వర్ణించాడు. మరుసటి ఏడు, 1843లో, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ దీనికి ఆ పేరు పెట్టాడు.

మనుషులలో ఇవి రెండు రకాలు. పెద్ద రకం పొడవు సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటరు. అనగా మూడు పురుగులను వరుసగా పేర్చితే ఇంచుమించు ఒక మిల్లీమీటరు అవుతుంది. ఇది వెంట్రుక కుదురులో తల కిందికి పెట్టి ఉంటుంది. ఒక్కొక్క కుదురులో కొన్ని కలిసి కూడా ఉంటాయి. చిన్న రకం ఇంకా లోపల, జిడ్డు ఊరే గ్రంథిలో ఉంటుంది. చర్మపు కణాలు, జిడ్డు వీటి ఆహారం. పగలు లోపలే దాగి ఉండి, రాత్రివేళ పైకి వచ్చి తిరుగుతాయి. వీటి నడక గంటకు సుమారు 8 నుంచి 16 మిల్లీమీటర్లు మాత్రమే. గుడ్డు నుంచి చావు వరకు వీటి బతుకంతా రెండు మూడు వారాలలో ముగుస్తుంది.

అప్పుడే పుట్టిన బిడ్డ ముఖంలో ఇవి ఉండవు. తల్లి ఒడిలో, ఇంటివారి చేతులలో పెరిగే కొద్దీ చేరుతాయి. వయసుతో పాటు సంఖ్య పెరుగుతుంది. 2014లో అమెరికాలో శాస్త్రజ్ఞులు కొంతమంది ముఖాల నుంచి జిడ్డు తీసి పరీక్షించగా, 18 ఏళ్లు దాటినవారిలో పరీక్షించిన ప్రతి ఒక్కరి ముఖంలోనూ ఈ పురుగు ఆనవాలు దొరికింది. కనుక ఇది మురికివారికి వచ్చే పురుగు కాదు. సబ్బుతో ఎంత తోమినా పోయేది కాదు. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు. పశువులు కాచేవారి ముఖంలోనూ ఉంటుంది, పట్నంలో కుర్చీలో కూర్చునేవారి ముఖంలోనూ ఉంటుంది.

పశువులకు కూడా డెమోడెక్స్ ఉంది. అయితే అది వేరే జాతి. ఆవు పాలు తాగేటప్పుడు తల్లి నుంచి దూడకు అంటుకుంటుంది. పశువు మెడ మీద, భుజం మీద చిన్న చిన్న గడ్డలు లేపుతుంది. అది మనిషికి రాదు. మనిషిది పశువుకు పోదు.

ఇది ఎప్పుడు బాధ పెడుతుంది?

ఇంటిలో పిల్లి ఒకటి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇరవై చేరితే ఇల్లు ఇల్లుగా ఉండదు. ఈ పురుగు సంగతీ అంతే. చదరపు సెంటీమీటరు చర్మంలో 5 లోపు ఉంటే సహజమని, అంతకు మించితే లెక్కలోకి తీసుకోవాలని వైద్యులు అనుకుంటారు. సంఖ్య పెరిగినప్పుడు బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం మీద మంట, ఎరుపు, చిన్న చిన్న పొక్కులు కనిపించవచ్చు. కొందరికి చర్మం కొబ్బరి తురిమే పీట వలె గరుకుగా తగులుతుంది. మన వంటి చామనఛాయ ముఖాలలో ఎరుపు స్పష్టంగా తెలియదు. వేడిగా, చురచురగా ఉండడం, రంగు కమలడం ముందుగా తెలుస్తుంది. ఎండలో తిరిగినా, పొయ్యి దగ్గర కూర్చున్నా, కారం ఎక్కువ తిన్నా మంట హెచ్చుతుంది. కంటి రెప్పల వెంట్రుకల మొదళ్లకు పొట్టు కట్టి, ఉదయం లేచేసరికి రెప్పలు దురద పెట్టడం మరొక గుర్తు.

ముఖం ఎర్రబారే రోజేషియా అనే వ్యాధి ఉన్నవారిలో ఈ పురుగులు మామూలు కంటే ఎక్కువగా ఉన్నట్లు వైద్యులు గమనించారు. పురుగు పెరిగి మంట వచ్చిందా, మంట వచ్చిన చర్మంలో పురుగు పెరిగిందా అనే చర్చ వైద్యులలో సాగుతూనే ఉంది. రెండూ ఒకదానిని ఒకటి పెంచుతాయని అనుకునేవారూ ఉన్నారు. ఒంటిలో రోగనిరోధక శక్తి తగ్గినవారిలోను, ముఖానికి స్టెరాయిడ్ మలాములు వాడినవారిలోను ఇవి మితిమీరి పెరుగుతాయి.

దీనిని కంటితో చూసి తేల్చలేము. చర్మ వైద్యులు చిన్న గాజు పలక మీద జిగురు చుక్క వేసి, ముఖానికి అద్ది తీస్తారు. లేదా చర్మాన్ని కొద్దిగా గీకి తీస్తారు. దానిని సూక్ష్మదర్శిని కింద పెట్టి పురుగులను లెక్కిస్తారు. నొప్పి ఉండదు. పురుగు ఉన్నదన్నంత మాత్రాన చికిత్స అవసరం లేదు. ఎక్కువగా ఉండి, బాధ కూడా ఉంటేనే మందు ఇస్తారు. మందులు మనుషుల కొరకు తయారైనవి ఉన్నాయి. గుణం కనిపించడానికి వారాలు, ఒక్కొక్కరికి నెలలు పడుతుంది. ఓపిక అవసరం.

మలాము చేసే మోసం

ఒక సంఘంలో జరిగిన సంగతి చెప్పుకుందాం. ఊరు పేరు, మనిషి పేరు మనకు అవసరం లేదు. ఒక సభ్యురాలికి రెండు గేదెలు. వయసు నలభై దాటింది. బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయని మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నది. పది రోజులలో ముఖం నున్నగా, కొంచెం తెల్లగా అయింది. బాగున్నదని ఏడాది పాటు రాసింది. ట్యూబు అయిపోయి నాలుగు రోజులు మానిందంటే ముఖం మంటలు. మళ్లీ రాస్తే చల్లగా ఉండేది. క్రమంగా రాసినా మంట తగ్గలేదు. బుగ్గలు, ముక్కు అంతా ఆవగింజల వంటి పొక్కులు లేచాయి.

చూసినవారు గేదె పురుగు పట్టిందన్నారు. పక్కింటివారు గోమార్లకు తెచ్చిన మందు మిగిలి ఉంటే, నీళ్లలో కలిపి ముఖం కడుక్కోమని ఇచ్చారు. ఆ రాత్రంతా ఆమెకు కన్ను మూతపడలేదు. తెల్లవారేసరికి కళ్లు వాచాయి. ఆపైన, ఆమె పాలు కలిస్తే డబ్బా అంతా పాడవుతుందని ఒకరు, పాలు ఆపివేయాలని ఒకరు పాలకవర్గంలో మాట తెచ్చారు. ఆమె ఇంటికి పాల డబ్బులే ఆధారం. పదిహేను రోజుల పాలు ఆగితే పిల్లవాడి ఫీజు ఆగుతుంది.

ఆ సంఘం అధ్యక్షుడు పెద్దగా చదువుకున్నవాడు కాదు. కాని ఆయన అన్న మాట పద్ధతిగా ఉంది. "పాలను పాల పరీక్షతో చూద్దాం. గేదెను పశువుల డాక్టరు చూస్తారు. ఆమెను చర్మం డాక్టరు చూస్తారు. ముగ్గురి పని మనం ఒక్కరమే చేయడం ఎందుకు?" అన్నాడు. పాలు ఎప్పటి వలెనే పరీక్షించి తీసుకున్నారు. పశువైద్యుడు వచ్చి గేదెలను చూసి, వాటికి గజ్జి లేదన్నాడు. ఆమెను పట్నంలో పెద్దాసుపత్రికి పంపితే, అక్కడ ముఖం గీకి పరీక్షించారు. ముఖంలో సహజంగా ఉండే పురుగే ఎక్కువగా పెరిగిందని, ఆ పెరుగుదలకు ట్యూబులోని స్టెరాయిడ్ దోహదం చేసిందని చెప్పారు. మలాము మాన్పించినప్పుడు మొదట మూడు వారాలు ముఖం ఇంకా మండింది. వైద్యులు అలా మండుతుందని ముందే చెప్పి ఉండడం వల్ల ఆమె తట్టుకోగలిగింది. కొన్ని నెలలకు ముఖం నెమ్మదించింది.

స్టెరాయిడ్ మలాము చెడ్డ మందు కాదు. సరైన రోగానికి, సరైన చోట, కొద్ది రోజులు వాడితే మంచి గుణమే ఇస్తుంది. అది చేసే పని ఏమిటంటే, చర్మంలోని వాపును, ఎరుపును వెంటనే అణచివేస్తుంది. దానితో పాటు చర్మం తనను తాను కాపాడుకునే శక్తిని కూడా అణచివేస్తుంది. కాపలా లేని పొలంలో పశువులు పడినట్లు పురుగులు, బూజు తెగులు అడ్డు లేకుండా పెరుగుతాయి. ఎక్కువ కాలం వాడితే చర్మం పలుచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, ఆడవారికి కూడా ముఖంపై వెంట్రుకలు మొలుస్తాయి. మానిన వెంటనే మంట తిరగబెడుతుంది కనుక, మందు లేకపోతే రోగం పెరుగుతున్నదని మనం భ్రమపడి మళ్లీ రాస్తాము. ఈ చక్రం నుంచి బయటపడడం కష్టం.

ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్ అని తెలుసుకోవలెను. చదువుకుంటున్న పిల్లల చేత చదివించుకుంటే చాలు. ఇటువంటి పలు మలాములను వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన మందుల పట్టికలోకి 2018లో కేంద్ర ప్రభుత్వం చేర్చింది. ఇప్పటికే చాలా కాలంగా రాస్తున్నవారు భయపడవద్దు. ఆ ట్యూబును దాచిపెట్టక, వెంట తీసుకుపోయి వైద్యునికి చూపవలెను. చికిత్సలో సగం అక్కడే తేలుతుంది.

గేదె గజ్జి మనిషికి వస్తుందా?

వస్తుంది. కాని నిలవదు. ఈ తేడా ముఖ్యం.

గేదెలకు గజ్జి పట్టించేది సార్కోప్టిస్ అనే పురుగు. ఇది కుదురులో కూర్చోదు, చర్మాన్ని తొలుచుకుంటూ పోతుంది. పశువు గుంజకు, గోడకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటుంది. వెంట్రుకలు రాలి, చర్మం మందమై ముడతలు పడి, పైన పొక్కులు కడుతుంది. చలికాలంలో, ఇరుకు కొట్టాలలో, బక్కచిక్కిన దూడలలో ఎక్కువ. దురద వల్ల మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి.

పాలు పితికేవారు గేదె డొక్కకు తల ఆనించి కూర్చోవడం మనకు అలవాటు. గజ్జి ఉన్న గేదెకు అలా ఆనుకుంటే నుదురు, చెంప, ముంజేతులు, తొడల మీద ఎర్ర పొక్కులు, దురద వస్తాయి. తగిలిన ఒకటి రెండు రోజులలోనే మొదలవుతాయి. అయితే పశువు పురుగు మనిషి చర్మంలో పిల్లలు పెట్టి సంతతి పెంచుకోలేదు. కొద్ది రోజులకు చచ్చిపోతుంది. గేదెకు చికిత్స చేయించి, దానికి ఆనుకోవడం మానితే మన పొక్కులు సాధారణంగా వాటంతట అవే తగ్గుతాయి. గేదెను అలాగే వదిలి మన ఒంటికి ఎన్ని మందులు రాసినా రోజూ కొత్త పురుగు ఎక్కుతూనే ఉంటుంది. కనుక ఇక్కడ మనిషికి మందు గేదె దగ్గరే ఉంది.

మనుషుల గజ్జి వేరు

మనుషుల గజ్జి కూడా సార్కోప్టిస్ వల్లనే వస్తుంది. కాని అది మనిషి మీద పెరిగే రకం. ఈ రోగానికి కారణం చిన్న పురుగు అని 1687లోనే ఇటలీ వైద్యుడు బొనోమో, అతని మిత్రుడు చెస్తోని గమనించి రాశారు. ఆడ పురుగు చర్మంలో సొరంగం తవ్వి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మొదటిసారి పట్టినవారికి దురద తెలిసేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా ఇంట్లో మిగిలినవారికి అంటుకుంటుంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

దీని గుర్తులు మరిచిపోరాదు. రాత్రి దురద ఎక్కువ. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, నడుము, బొడ్డు చుట్టూ పొక్కులు. పెద్దవారిలో ముఖానికి సాధారణంగా రాదు. చంటిబిడ్డలలో మాత్రం ముఖం, తల, అరచేతులు, అరికాళ్లకు కూడా వస్తుంది. పెద్దవారికి ముఖం మీదనే దద్దుర్లు ఉండి ఒంటి మీద ఎక్కడా లేకపోతే అది గజ్జి అయ్యే అవకాశం తక్కువ.

వైద్యులు రాసిచ్చిన గజ్జి మందును దురద ఉన్నచోటనే కాక, మెడ నుంచి పాదాల దాకా, వేళ్ల సందులతో సహా రాయవలెను. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవలెను, దురద లేనివారు కూడా. బట్టలు, దుప్పట్లు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఉతకడానికి వీలులేని వాటిని సంచిలో మూటకట్టి కొద్ది రోజులు పక్కన పెడితే పురుగు తిండి లేక చస్తుంది. ఒకరు రాసి ఒకరు మానితే గజ్జి ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. గర్భిణులు, చంటిబిడ్డల విషయంలో వైద్యుని అడగనిదే ఏ మందూ వాడరాదు.

దూడ తామర: పురుగు కాదు, బూజు

లేగదూడల కళ్ల చుట్టూ, మెడ మీద బూడిద రంగులో గుండ్రటి పక్కులు కట్టడం చూస్తుంటాము. అది తామర. దీనికి కారణం పురుగు కాదు, బూజు జాతి సూక్ష్మజీవి. ఇది పశువు నుంచి మనిషికి బాగా అంటుకుంటుంది. దూడను పట్టి కట్టేవారి ముంజేతులకు, దూడను ముద్దు చేసే పిల్లల చెంపలకు వస్తుంది. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో కొంత నయమైనట్లు గుండ్రంగా పెరుగుతుంది. దీనికి స్టెరాయిడ్ మలాము రాస్తే ఎరుపు అణగి, ఆకారం మారి, లోపల విస్తరిస్తుంది. అప్పుడు వైద్యులకు కూడా గుర్తించడం కష్టమవుతుంది.

మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్నలు

వైద్యుని దగ్గరకు పోయేముందు ఈ ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకుంటే రోగనిర్ణయం తేలిక అవుతుంది.

1. ఎక్కడెక్కడ ఉన్నది? ముఖం మీదనేనా, వేళ్ల సందులలో కూడానా, పశువుకు ఆనే చోట్లనా?

2. ఎప్పుడు ఎక్కువ? రాత్రి దురదా, ఎండకు, పొయ్యి సెగకు మంటా?

3. ఇంట్లో ఇంకెవరికి ఉన్నది?

4. కొట్టంలో పశువులకు దురద, వెంట్రుకలు రాలడం, గుండ్రటి పక్కులు ఉన్నాయా?

5. గత ఆరు నెలలలో ముఖానికి ఏమేమి రాశాము? తెల్లబడే క్రీములతో సహా.

ఇంకొక జాగ్రత్త. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది పురుగు పని కాదు, కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం, త్వరగా వాడితే పూర్తిగా నయమవుతుంది. ముఖం వాచి జ్వరం వచ్చినా, చీము పట్టినా, కన్ను ఎర్రబారి చూపు మసకబారినా ఆలస్యం చేయరాదు.

పశువు మందు, మనిషి మందు, పాలు

ఐవర్‌మెక్టిన్ అనే మందు పేరు మన సభ్యులు చాలామంది విన్నదే. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన ఈ మందు 1981లో పశువుల కొరకు బజారులోకి వచ్చింది. దానిని కనుగొన్నందుకు సతోషి ఓమురా, విలియం క్యాంప్‌బెల్ అనే శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇదే మందు మనుషులకు బిళ్లలుగా, ముఖానికి రాసే మలాముగా కూడా ఉంది. అందువల్ల, రెండూ ఒకటే కదా, పశువు సూదిమందు మనం వాడితే ఏమి అని కొందరి వాదన.

రెండూ ఒకటి కావు. పశువు మందు నాలుగైదు వందల కిలోల శరీరానికి లెక్కగట్టి, గాఢంగా చేసినది. అందులో కలిపే ద్రావకాలు మనిషికి పరీక్షించినవి కావు. 2021లో అమెరికాలో కొందరు కరోనాకని పశువుల ఐవర్‌మెక్టిన్ తీసుకుని ఆసుపత్రుల పాలైతే, ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. గోమార్ల మీద చల్లే మందులు అంతకంటే ప్రమాదం. అవి మనిషి ముఖానికి, కంటికి తగలరాదు. పశువుల మీద చల్లేటప్పుడు కూడా చేతులకు తొడుగులు వేసుకుని, గాలివాలు చూసుకుని చల్లవలెను.

ఇక పాల సంగతి. పాలిచ్చే గేదెకు ఐవర్‌మెక్టిన్ సూది వేస్తే ఆ మందు పాలలోకి దిగుతుంది. పాలు కాచినంత మాత్రాన పోదు. పాలిచ్చే పశువుకు వాడరాదని గాని, ఇన్ని రోజులు పాలు వాడరాదని గాని డబ్బా మీద రాసి ఉంటుంది. కనుక గజ్జి పట్టిన పాడి పశువుకు ఏ మందు వాడాలో పశువైద్యుడే నిర్ణయించవలెను. ఆయన చెప్పిన రోజుల వరకు ఆ పాలు కేంద్రానికి పోయరాదు, ఇంట్లో పిల్లలకు పట్టరాదు. వాడేసిన ఇంజను నూనె, కిరోసిను పశువు ఒంటికి పూయడం కూడా మానవలెను. చర్మం కాలడం, పశువు నాకినప్పుడు విషం లోపలికి పోవడం తప్ప దాని వల్ల లాభం లేదు.

సంఘం చేయవలసినవి

సభ్యుని ముఖం చూసి పాలు తిరస్కరించరాదు. పాలు తీసుకోవడానికైనా, నిరాకరించడానికైనా పాల పరీక్షే ఆధారం. ముఖంలోని డెమోడెక్స్ పాల ద్వారా ఎవరికీ అంటదు. అయితే చేతులకు గజ్జి, తామర, చీము పుండ్లు ఉన్నవారు నయమయ్యే వరకు పాలు పితకరాదు, కేంద్రంలో పాలు కొలవరాదు. ఇంట్లో మరొకరు పితికితే సరిపోతుంది. సభ్యత్వానికి గాని, పాల డబ్బులకు గాని దీనితో సంబంధం లేదు. ఇది శిక్ష కాదు, జాగ్రత్త.

పశువైద్య శిబిరం పెట్టించినప్పుడు గజ్జి, తామర ఉన్న పశువుల పేర్లు ముందుగానే రాసి ఉంచవలెను. ఒకే వాడలో ఒకరు చికిత్స చేయించి మరొకరు మానితే లాభం ఉండదు కనుక, వాడ వాడంతా ఒకేసారి చేయించవలెను. మందు వాడిన పశువు, తేదీ, ఎన్ని రోజులు పాలు ఆపాలి అనే మూడు వివరాలు కార్యదర్శి ఒక పుస్తకంలో రాసి ఉంచితే, తర్వాత వివాదం రాదు. పితికే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, గజ్జి ఉన్న పశువును చివర పితకడం, పితికేవారు తలగుడ్డను రోజూ ఉతుక్కోవడం ఖర్చు లేని పనులు. మహిళా సభ్యుల సమావేశంలో తెల్లబడే క్రీముల గురించి ఆరోగ్య కార్యకర్త చేత చెప్పిస్తే చాలా ముఖాలు దక్కుతాయి.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన వాడలో ఈ చలికాలం ఎన్ని గేదెలు గుంజలకు ఒళ్లు రుద్దుకున్నాయి? వాటిలో ఎన్నింటిని పశువైద్యునికి చూపాము?

2. మన ఇళ్లలో ఉన్న మలాము ట్యూబులలో ఎన్ని స్టెరాయిడ్‌వి? ఎవరు చీటీ రాశారు?

3. గత సంవత్సరం పశువులకు వేసిన మందులలో పాలు ఆపవలసినవి ఎన్ని? నిజంగా ఆపామా?

4. సభ్యురాలి పాలు ఆపాలని ఎవరైనా అంటే, పాలకవర్గం మొదట ఎవరిని అడగాలి?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వచ్చే నెల సమావేశపు తీర్మానాల పుస్తకంలో రాయించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము.